బేరి చెట్టు మీద కౌజుపిట్ట: రహస్య బోధా, ఉత్త ఆటా?

డిసెంబర్ వస్తే చాలు, వాట్సాప్‌లో ఆ ఫార్వర్డ్ దిగుతుంది. ‘ద ట్వెల్వ్ డేస్ ఆఫ్ క్రిస్మస్’ పైకి రోజుకో కానుక కలుపుకుంటూ పోయే ఇంగ్లిషు పాటే గానీ, ఇంగ్లండులో కేథలిక్కులు పిల్లలకు దొంగచాటుగా నేర్పిన మతబోధ అని. బేరి చెట్టు మీద కౌజుపిట్ట క్రీస్తు. రెండు గువ్వలు బైబిల్లోని పాత, కొత్త నిబంధనలు. మూడు ఫ్రెంచి కోళ్లు విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ. అలా పన్నెండు మంది డోలు వాయించేవాళ్ల దాకా వెళ్తే, వాళ్లు క్రైస్తవులు తమ నమ్మకాన్ని చాటుతూ చెప్పే విశ్వాస ప్రమాణంలోని పన్నెండు అంశాలట. మొదటిసారి చదివి నేనూ నలుగురికి పంపాను.

రెండో వాదనలో ఇంత మెరుపు లేదు. ఇది జ్ఞాపకశక్తి ఆట, అంతే. 1780 ప్రాంతంలో లండన్‌లో ఒక పిల్లల పుస్తకంలో అచ్చయింది. ముందువాళ్లు చెప్పిందంతా అప్పజెప్పి, మీ వంతు కానుక కలపాలి. తప్పితే జరిమానా.

రహస్య బోధ కథకు నేల లేకపోలేదు. 1585 చట్టం ప్రకారం ఇంగ్లండులో కేథలిక్ గురువు (ప్రీస్టు) దొరికితే ఉరే. ఆంక్షలు చాలావరకు పోయింది 1829లో. కాబట్టి భయం నిజం. కానీ దాచిందేమిటి? నాలుగు సువార్తలు, పది ఆజ్ఞలు, ఆరు రోజుల సృష్టి ఇంగ్లండు అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చిలోనూ బాహాటంగా చెప్పేవే. అసలు దాచుకోవాల్సిన పోపు, పూజాబలి (మాస్) ఈ లెక్కలో లేనే లేవు. ఏడు హంసలను కొందరు జ్ఞానస్నానం, వివాహం లాంటి కేథలిక్కుల ఏడు సంస్కారాలంటారు. కాస్త నిలబడేది అదొక్కటే. దాన్నీ ఇంకొందరు పరిశుద్ధాత్మ ఏడు వరాలు చేసేశారు. పైగా ఈ వివరణ అచ్చులో కనబడేది 1979 నుంచే.

ఇంకో చిక్కు. 1780 నాటి పాటలో డోలు వాయించేవాళ్లు తొమ్మిది మందే, పన్నెండు మంది గంతులేసే దొరలు! ఇప్పుడు మనం వినే వరస 1909లో ఇంగ్లిషు గాయకుడు, స్వరకర్త ఫ్రెడరిక్ ఆస్టిన్ కూర్చినది. ఆయన చేతిలోనే బొగ్గులా నల్లని ‘కాలీ’ పిట్టలు ‘కాలింగ్’ పిట్టలయ్యాయి. అంటే సంకేతానికి అంకె తప్ప వస్తువుతో పనిలేదు. డోలును చూసి విశ్వాస ప్రమాణం గుర్తొచ్చేదెవరికి? పస్కా పండుగ రాత్రి యూదులు పాడే లెక్కల పాట చూడండి: ఒకటి దేవుడు, రెండు ఆజ్ఞల పలకలు, అయిదు ధర్మశాస్త్ర గ్రంథాలు అని తిన్నగా చెప్పేస్తుంది. నేర్పడానికి కట్టిన పాట అలా ఉంటుంది.

నా ఓటు ఆటకే. అలాగని మతంతో సంబంధం లేదనను. పన్నెండు రోజులంటే క్రిస్మస్ నుంచి, జనవరి 6న జ్ఞానుల రాకను తలచుకునే పండుగ దాకా. సండే స్కూల్లో అంకెలకు అర్థాలు కలిపి నేర్పినా తప్పులేదు, చరిత్ర అని చెప్పనంతవరకు.

క్రీస్తు పుట్టుక కథకు నిజంగా దగ్గరగా వచ్చేది నాకు గువ్వల జతే. లూకా సువార్తలో మరియ, యోసేపు పసిబిడ్డను దేవాలయానికి తెచ్చినప్పుడు వచ్చే అర్పణ అది: గువ్వల జత గానీ, రెండు పావురం పిల్లలు గానీ. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేనివాళ్లకు ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు. ఫార్వర్డ్‌లో మాత్రం ఆ ఊసే లేదు.