బెంగళూరులో ఉగాది భోజనం, ప్లస్ ప్లస్

పండగ రోజు రుచి కోసం స్టార్ హోటల్‌కి వెళ్తే నిరాశే. కూర్చోవడానికి చోటు, తోసుకోకుండా నెమ్మదిగా తినే వీలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి లిఫ్టు, శుభ్రమైన బాత్‌రూమ్... అక్కడ మనం డబ్బు కట్టేది వీటికి. ఇవి కావాలనుకుంటే మాత్రం ఆ ఖర్చు దండగేమీ కాదని 2025 ఉగాదికి బెంగళూరు వెళ్లొచ్చాక నాకనిపించింది.

ఆ ఏడాది ఉగాది మార్చి 30, ఆదివారం. మర్నాడే రంజాన్. మా అమ్మాయి ఉద్యోగం బెంగళూరులో. తను హైదరాబాద్ రావడానికి టికెట్ దొరక్కపోవడంతో నేనూ, మావారూ, అత్తయ్యా శుక్రవారం రాత్రి కాచిగూడలో మైసూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అమ్మాయి ఉండేది పీజీలో కాబట్టి మల్లేశ్వరంలో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. చిన్న వంటగది ఉండటం బాగా కలిసొచ్చింది. అక్కడి ఎనిమిదో క్రాస్ వీధిలో వేపపువ్వు, మామిడాకులు, కొత్త బెల్లం అన్నీ ఒక్కచోటే దొరికాయి. ఇబ్బందల్లా నీళ్లతోనే. వేడినీళ్లు సోలార్‌వి, ఎనిమిది దాటితే చల్లబడిపోయేవి. పండగ తలస్నానాలకి వరసలో ఆఖరున మిగిలింది నేనే!

భోజనం ఎక్కడన్నది పెద్ద చర్చే అయింది. రెసిడెన్సీ రోడ్డులో తాజ్ వాళ్ల కరావళి రెస్టారెంట్‌కి మంచి పేరుంది. కానీ దాని బలమంతా పడమటి తీరం చేపల కూరలు, పండగపూట చేపలంటే అత్తయ్య కుర్చీలోంచి లేచిపోతారు. గోల్ఫ్ కోర్స్ దగ్గర ఐటీసీ విండ్సర్ హోటల్‌లో ఉన్న దక్షిణ్ రెస్టారెంట్‌లో నాలుగు దక్షిణాది రాష్ట్రాల వంటలూ దొరుకుతాయి, అక్కడికే వెళ్దామనుకున్నాం. చివరికి అమ్మాయి ఆఫీసు వాళ్లు చెప్పారని ఎంజీ రోడ్డుకి అటూ ఇటూగా ఉన్న ఒక స్టార్ హోటల్‌లో ఉగాది స్పెషల్ బఫే బుక్ చేసింది. పేరెందుకులెండి. మనిషికి 2,500 రూపాయలు, ప్లస్ ప్లస్.

ఈ ప్లస్ ప్లస్ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. ఒక ప్లస్ జీఎస్టీ. గది అద్దె రోజుకి 7,500 దాటే హోటళ్లలో భోజనం మీద అది 18 శాతం. బయట మామూలు రెస్టారెంట్లలో అయితే, ఏసీ ఉన్నా లేకపోయినా 5 శాతమే. రెండో ప్లస్ సర్వీస్ చార్జి. అంటే ఫోన్లో విన్న రేటుకీ చివర్లో కట్టే డబ్బుకీ పొంతన ఉండదు.

లోపలికి వెళ్లగానే గుమ్మానికి మామిడి తోరణం, పక్కన ఆటబొమ్మల సైజు గ్లాసుల్లో ఉగాది పచ్చడి. నోట్లో పోసుకుంటే బెల్లం పానకం! వేపపువ్వు అలంకరణకి రెండు రెబ్బలు పైన వేశారు. కన్నడిగులు పొద్దున్నే వేపా బెల్లం కలిపి నోట్లో వేసుకుంటారు, ఆ చేదైనా కాస్త తగలాలి కదా. ఇంట్లో చేసుకుని తిని వచ్చాం కాబట్టి సరిపోయింది.

బఫే బల్ల చాలా పొడుగ్గా ఉంది. అందులో సగం పాస్తా, నూడుల్స్, కేకులు. పండగ వంటలు ఒక మూలకి సర్దారు: పులిహోర, మావిడికాయ పప్పు, కోసంబరి, బిసిబేళే, రెండు రకాల పాయసం. పులిహోర నిజంగా బాగుంది, ఇంగువ సరిగ్గా పడింది. బొబ్బట్ల దగ్గరే నాకు ఉసూరుమనిపించింది. మూత పెట్టి కింద మంట పెట్టే స్టీలు పాత్రలో ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆవిరికి చెమర్చి, ఒకటి తీయబోతే మూడు అతుక్కుని పైకి వచ్చాయి. విడదీయబోతే పైపొర ఊడి పూర్ణం బయటపడింది.

మా బల్ల చూసుకునే అబ్బాయిది మదనపల్లె. మేం తెలుగు మాట్లాడుకోవడం విని, "అమ్మా, మీరు కూర్చోండి, పెనం మీదవి నేను తెచ్చిస్తా" అని వంటింట్లోకి వెళ్లాడు. పది నిమిషాల తర్వాత నాలుగు బొబ్బట్లు, పక్కన గిన్నెలో కరిగిన నెయ్యి తెచ్చాడు. అంచు పల్చగా, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలతో, తుంచితే పొగ వచ్చింది. అత్తయ్య ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఇది శనగపప్పు కాదు, కందిపప్పు" అన్నారు. నిజమే. బెంగళూరు, మైసూరు వైపు చాలా ఇళ్లలో కందిపప్పుతోనే చేస్తారు, ఆ ఉడికించిన నీళ్లతోనే ఒబ్బట్టు సారు, అంటే బొబ్బట్ల చారు కాస్తారు. ఆ సారు బల్ల మీద ఎక్కడో వెనకాల ఉంది, ఎవరూ ముట్టుకోవడం లేదు. మేం మాత్రం రెండుసార్లు పోయించుకున్నాం. మొత్తం భోజనంలో నాకు అన్నిటికన్నా నచ్చినవి ఈ రెండే.

ఇక బిల్లు. నలుగురికి పది వేలు, దాని మీద పది శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద మళ్లీ జీఎస్టీ. అంతా కలిపి 12,980. అమ్మాయి బిల్లు చూసి మేనేజర్‌ని పిలిచింది. బిల్లులో సర్వీస్ చార్జి తనంతట తానే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. సరిగ్గా ఆ శుక్రవారమే, మార్చి 28న, ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సబబేనని తీర్పిచ్చింది. అమ్మాయి ఫోన్లో ఆ వార్త తీసి చూపించింది. "మా సిస్టమ్‌లో అలా సెట్ అయి ఉంది మేడమ్" అన్నాడాయన. "అయితే తీసేయండి" అంది అంతే మర్యాదగా. మావారికి ఒకటే టెన్షన్, పండగపూట గొడవెందుకని కాళ్లు ఊపుతూ కూర్చున్నారు. కొత్త బిల్లు వచ్చింది, 11,800. అడగడానికి మొహమాటపడితే పోయేది 1,180 రూపాయలు. ఒప్పుకోకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మదనపల్లె అబ్బాయికి మాత్రం వచ్చేటప్పుడు చేతిలో డబ్బు పెట్టాం. అతను తెచ్చిన బొబ్బట్లకి ఇచ్చింది తక్కువే అనిపించింది.

ముందురోజు మధ్యాహ్నం లాల్‌బాగ్ రోడ్డులో ఎంటీఆర్ హోటల్‌కి వెళ్లాం. 1924లో మొదలైన చోటు, యుద్ధకాలంలో బియ్యం కరువొస్తే రవ్వ ఇడ్లీ పుట్టింది అక్కడే అంటారు. వెండి గ్లాసులో ద్రాక్షరసంతో మొదలుపెట్టి వరసగా వడ్డించుకుంటూ పోతారు. రుచికి తిరుగులేదు. కానీ పేరు రాయించుకుని గంట పైన కాచుకున్నాం, కూర్చోవడానికి దొరికింది ఒక్క కుర్చీ. అది అత్తయ్యకిచ్చి మిగిలిన ముగ్గురం మెట్ల దగ్గర నిలబడ్డాం. పండగ రోజు ఆవిడని అలా నిలబెట్టే ధైర్యం నాకు లేదు, అందుకే ఆదివారం పెట్టిన ఖర్చుకి బాధ లేదు. ఇంకోసారైతే బఫే జోలికి వెళ్లకుండా, ఆకులో వడ్డించే చోట, అదీ పన్నెండున్నర స్లాట్ అడుగుతాను. రెండున్నరకి వెళ్తే పేర్చి పెట్టిన బొబ్బట్లే గతి.

సోమవారం రంజాన్, పైగా కర్ణాటకలో హొసతొడకు, అంటే ఉగాది మర్నాడు మాంసం వండుకునే రోజు. పొద్దున్నుంచే మటన్ కొట్ల ముందు క్యూలు. మేం రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున అనే ఆంధ్రా హోటల్‌కి వెళ్లాం. అరటాకు, పప్పు, పొడి, నెయ్యి, గోంగూర ఉంటే అత్తయ్యకి ఇంకేమీ అక్కర్లేదు. ఆంధ్రా చిల్లీ చికెన్ అని బెంగళూరులో పచ్చిమిర్చి దట్టించి చేసేదాన్ని మన ఊళ్లలో నేను పెద్దగా చూడలేదు, కానీ పేరు మనదే కదా అని తిన్నాం. రాత్రికి రైలుందని నేను పెరుగన్నంతో ఆపేశాను. మావారు మాత్రం సర్వర్‌ని పిలిచి ఇంకో ప్లేటు చెప్పారు.