బాస్ చేపకు ముల్లున్న గాలమా, ముల్లు లేనిదా?

గాలం మొనకు కాస్త వెనగ్గా, ఎదురుగా లేచి ఉండే చిన్న ముల్లు. తేడా అంతా దానిదే. అది ఉంటే లైన్ (గాలం దారం) ఒక్క క్షణం వదులైనా చేప అంత తేలిగ్గా జారిపోదు. బాస్ విషయంలో ఇది చిన్న సంగతేం కాదు. నీళ్లలోంచి పైకెగిరి, నోరు తెరిచి తల విదిలించడం దాని అలవాటు. ముల్లు లేని గాలం వేసి, ఆ సమయంలో లైన్ బిగువు తగ్గనిచ్చారో, చేప పోయినట్టే. రాడ్ (గాలం కర్ర) వంచే ఉంచి, దారం చుట్టే రీల్ తిప్పుతూ ఉంటే మాత్రం నష్టం అనుకున్నంత ఉండదు. పైగా అడ్డం లేదు కాబట్టి మొన తక్కువ బలానికే దిగుతుంది.

అసలు తేడా విడిపించేటప్పుడు తెలుస్తుంది. ముల్లు లేనిది వచ్చిన దారినే వెనక్కి వచ్చేస్తుంది. ముల్లున్నది కండను చీల్చుకుంటూ వస్తుంది. మూడు మొనల ట్రెబుల్ హుక్ అయితే చెప్పక్కర్లేదు: చేప గింజుకుందంటే రెండో మొన మన వేల్లో దిగుతుంది, అప్పుడు ముల్లుంటే ఆస్పత్రికే.

రబ్బరు పురుగుల్ని ఎరగా పెట్టేవాళ్లకు ముల్లు లేకపోతే ఎర కిందికి జారే చికాకు ఉంది.

పట్టి వదిలేసేవాళ్లైతే నా ఓటు ముల్లు లేనిదానికే. కొత్తవి కొననక్కర్లేదు, ఉన్నవాటి ముల్లును ప్లయర్స్‌తో నొక్కేస్తే సరి. వండుకునేవాళ్లు, అక్కడి రూల్స్ ఒప్పుకుంటే, ముల్లు ఉంచుకోవచ్చు.