జాగ్రత్త: రోడ్‌మ్యాప్ చూసి ఎర్లీ యాక్సెస్ గేమ్ కొనకండి

నిన్న ఒక గేమ్ డిస్కౌంట్‌లో కనిపించింది. ఏడాది క్రితం ఎర్లీ యాక్సెస్‌లో, అంటే గేమ్ ఇంకా పూర్తికాకుండానే అమ్మే పద్ధతిలో, నేను కొని మోసపోయిన గేమే. ట్రైలర్ మారలేదు, ఫొటోలు మారలేదు, కింద రాసిన వర్ణనలో ఒక్క అక్షరం కూడా మారలేదు. ఈ డిస్కౌంట్ చూసి ఈ వారం ఎంతమంది కొంటారో అనిపించి, పడుకోబోయేవాణ్ణి లేచి కూర్చుని ఇది రాస్తున్నాను. గేమ్ పేరు, చేసినవాళ్ళ పేరు చెప్పను. ఎందుకంటే రేపు మీరు కొనబోయేది ఇంకో గేమ్ కావచ్చు, ఇదే పద్ధతిలో అమ్ముతుండవచ్చు.

సముద్రం మధ్యలో ఒక లైట్‌హౌస్. పైన దీపం ఆరిపోయింది. ఒక్కో అంతస్తులో చిక్కుముళ్ళు విప్పుకుంటూ పైకెక్కి దాన్ని వెలిగించాలి. బొమ్మలన్నీ చేత్తో గీసినవే. నేను కూడా బొమ్మలు వేస్తాను కాబట్టి, అల కదులుతుంటే దాని మీద వెలుతురు విరిగి మళ్ళీ కలుసుకోవడానికి ఎన్ని ఫ్రేములు గీయాలో నాకు తెలుసు. ఇంత శ్రద్ధ ఉన్నవాళ్ళు పని మధ్యలో వదిలేయరనే అనుకున్నాను. ట్రైలర్‌లో ఏడు అంతస్తులు కనిపిస్తాయి. రోడ్‌మ్యాప్ అని ఒక అందమైన బొమ్మ పెట్టారు. అందులో ఏ అంతస్తు ఎప్పుడు వస్తుందో నెలలతో సహా రాసి ఉంది.

కొన్నాక చూస్తే ఉన్నవి రెండే అంతస్తులు. మూడో అంతస్తు తలుపు మీద 'త్వరలో' అని చిన్న చెక్క పలక వేలాడుతుంటుంది. తలుపు తోస్తే తాళం కదిలిన చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు కూడా ఎంత బాగా చేశారో! పర్వాలేదు, వస్తుందిలే అనుకున్నాను.

అసలు దెబ్బ అక్కడ కాదు. గంటన్నర ఆడాక, మెట్ల దగ్గర నా సేవ్, అంటే అప్పటిదాకా ఆడింది దాచుకున్న ఫైల్, చెడిపోయింది. తెరిస్తే నల్లటి స్క్రీన్. వెతికితే డెవలపర్ల నోటీసు కనిపించింది: సమస్య తెలుసు, వచ్చే వారం దాన్ని సరిచేసే ప్యాచ్ ఇస్తాం అని. ఆ రోజే రీఫండ్ అడిగి ఉంటే వచ్చేది. చిన్న టీమ్ కదా, ఒక అవకాశం ఇద్దామని ఆగాను. ప్యాచ్ వచ్చింది. మొదటి నుంచి మళ్ళీ ఆడాను. అదే మెట్ల దగ్గర, మళ్ళీ నల్లటి స్క్రీన్. అప్పటికి నేను ఆడిన సమయం 2 గంటల 40 నిమిషాలు. రీఫండ్ అడిగితే కుదరదని జవాబు వచ్చింది.

ఇక్కడే అందరూ జాగ్రత్తగా ఉండాలి. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో 2015 నుంచి ఉన్న మామూలు రూల్ ఇది: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల లోపు అయితే కారణం ఏదైనా డబ్బు వెనక్కి ఇస్తారు. గేమ్ ఎర్లీ యాక్సెస్‌లో ఉండగా ఆడిన సమయం కూడా ఆ 2 గంటల్లోకే వస్తుంది. ఈ సంగతి రూల్స్ పేజీలోనే రాసి ఉంది, చదవకపోవడం నా తప్పు. కానీ జరిగిందేమిటో చూడండి. వాళ్ళ ప్యాచ్ పని చేస్తుందా లేదా అని పరీక్షించడానికి నేను పెట్టిన సమయమంతా నా రీఫండ్ గడువులోంచే పోయింది. బగ్ కోసం మళ్ళీ మళ్ళీ తెరిచి చూడటం, మెనూలో వదిలేసి టీ తాగి రావడం, అన్నీ ఆడిన సమయం కిందే లెక్క. కాబట్టి మొదటి గంటలో పెద్ద బగ్ కనిపిస్తే ఆట ఆపి ముందు రీఫండ్ తీసుకోండి. ప్యాచ్ నిజంగా వచ్చి బాగుందని తెలిస్తే మళ్ళీ కొనుక్కోవచ్చు, ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

తర్వాత వాళ్ళ నుంచి రెండు పోస్టులు వచ్చాయి. చివరిదాంట్లో 'పెద్ద అప్‌డేట్ చాలా దగ్గరపడింది' అని రాశారు. ఆ తర్వాత ఏమీ లేదు. అడిగినవాళ్ళకి జవాబు లేదు. అమ్మకం మాత్రం ఆగలేదు.

చిన్నవాళ్ళే ఇలా చేస్తారని కూడా అనుకోకండి. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2 అనే గేమ్ వెనక పెద్ద పబ్లిషరే ఉంది. 2023 ఫిబ్రవరిలో ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చింది. కాలనీలు, వేరే నక్షత్రాల దాకా ప్రయాణం, మల్టీప్లేయర్ అన్నీ రోడ్‌మ్యాప్‌లో ఉన్నాయి. 2024లో దాన్ని చేసిన స్టూడియోనే మూతపడింది, అవేవీ రాలేదు. ద డే బిఫోర్ అనే గేమ్ అయితే 2023 డిసెంబర్ 7న వచ్చింది, నాలుగు రోజులకే చేసినవాళ్ళు స్టూడియో మూసేస్తున్నామని ప్రకటించారు. అది పెద్ద గొడవై వార్తల్లోకెక్కింది కాబట్టి కొన్నవాళ్ళకి డబ్బు వెనక్కి వచ్చింది. ఎవరికీ తెలియని గేమ్ కొన్న మనలాంటివాళ్ళ కోసం ఆ గొడవ ఎవరు చేస్తారు?

ఎర్లీ యాక్సెస్ అంటేనే మోసం అని నేను అనను. హేడీస్ అనే గేమ్ 2018 డిసెంబర్‌లో ఇలాగే మొదలై 2020 సెప్టెంబర్‌లో పూర్తయింది. మధ్యలో అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి, ఆడేవాళ్ళ మాట విని మార్పులు చేశారు. అలా చేసేవాళ్ళకి ముందుగా ఇచ్చే డబ్బు ఊపిరి లాంటిది. నా బాధ కూడా అదే. మూడో తలుపు దగ్గర ఒకసారి దెబ్బ తిన్నవాడు, నిజంగా కష్టపడే ఇంకో టీమ్‌కి ఆ డబ్బు ఇవ్వడానికి వెనకాడతాడు. నేను వెనకాడుతున్నాను. గత నెలలో ఒక మంచి గేమ్‌ని మూడుసార్లు విష్‌లిస్ట్‌లోంచి తీసి మళ్ళీ పెట్టాను.

ఇప్పుడు నేను ట్రైలర్ కంటే ముందు స్టోర్ పేజీలో ఒక చోట చూస్తాను. ఎర్లీ యాక్సెస్ గేమ్ పేజీలో డెవలపర్లు కొన్ని ప్రశ్నలకి జవాబులు రాస్తారు. అందులో 'ఎంతకాలం ఎర్లీ యాక్సెస్‌లో ఉంటుంది' అన్న ప్రశ్న ఉంటుంది. ఆ జవాబుని, గేమ్ మొదట అమ్మకానికి వచ్చిన తేదీని పక్కపక్కన పెట్టి చదవండి. నేను కొన్న గేమ్‌లో 'సుమారు ఏడాది' అని ఉంది. నేను కొనేటప్పటికే ఆ ఏడాది దాటిపోయింది. పేజీలో కళ్ళెదురుగానే ఉంది, నేను బొమ్మలు చూస్తూ వదిలేశాను. 2025 ఫిబ్రవరి నుంచి, ఏడాదికి పైగా అప్‌డేట్ లేని ఎర్లీ యాక్సెస్ గేమ్‌ల మీద స్టీమ్ ఒక హెచ్చరిక చూపిస్తోంది. మంచి పనే. కానీ ఆ ఏడాది నిండేదాకా కొన్నవాళ్ళకి అది కనిపించదు కదా, అందుకే అప్‌డేట్ల తేదీలు మీరే చూసుకోండి. ఏం రాశారన్నది పక్కన పెట్టండి, ఎప్పుడు రాశారో చూడండి. రివ్యూల్లో కూడా మొత్తం శాతం కాకుండా ఇటీవలివి చదవండి. నా గేమ్‌కి మొత్తం మీద మంచి రేటింగే ఉండేది, అదంతా మొదటి నెలలో ఆశతో రాసినవాళ్ళది. అదే గేమ్ జీఓజీ అనే ఇంకో ఆన్‌లైన్ స్టోర్‌లో దొరికితే అక్కడ కొనడం మేలు, ఆడినా సరే 30 రోజుల్లోపు రీఫండ్ అడగవచ్చు.

డెవలపర్లని తిడుతూ మెసేజ్‌లు మాత్రం పంపకండి. అక్కడ ఏం జరిగిందో మనకి తెలియదు, ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయి ఉండవచ్చు. ఆ మాట ఒక్క పోస్టులో చెప్పి అమ్మకం ఆపేసి ఉంటే నేనిది రాసేవాణ్ణే కాదు.

గేమ్ పేజీలో నా రివ్యూ ఇప్పుడే మార్చాను. బొమ్మలు అద్భుతంగా ఉన్నాయని మొదటి వాక్యం అలాగే ఉంచాను, అది నిజమే కాబట్టి. దాని కింద ఈరోజు తేదీ వేసి రాశాను: రెండు అంతస్తులే ఉన్నాయి, మెట్ల దగ్గర సేవ్ ఇంకా పోతోంది. మూడో తలుపు తెరుచుకున్న రోజు ఆ వాక్యం నేనే తీసేస్తాను.