చూరుకు హీట్ కేబులా, అటిక్‌లో ఇన్సులేషనా: చలికి ముందు ఏది మేలు?

ఆకులు రాలడం మొదలవగానే, మంచు కురిసే చోట్ల ఇల్లు కొనుక్కున్న తెలిసినవాళ్ల నుంచి నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "పోయిన చలికాలం చూరు వెంబడి ఐస్ గడ్డ కట్టి, గోడ పక్కన సీలింగ్ తడిసిందండీ. ఈసారి మంచు పడకముందే హీట్ కేబుల్ వేయించాలా, లేక అటిక్‌లో ఇన్సులేషన్ పెంచాలా?" గట్టర్లలో (చూరు అంచున నీళ్లు పట్టే కాలువల్లో) ఆకులు తీయించడం, కప్పు మీదికి వాలిన కొమ్మలు కొట్టించడం, లేచిపోయిన షింగిల్స్ (కప్పు మీద పరిచే పలకలు) బాగు చేయించడం ఎలాగూ చేస్తారు కాబట్టి వాటి జోలికి పోను. ఈ రెండింటి సంగతే చూద్దాం. హీట్ కేబుల్ అంటే చూరు మీద మంచును కరిగించే కరెంటు వైరు. అటిక్ అంటే సీలింగ్‌కూ కప్పుకూ మధ్య ఉండే ఖాళీ, ఇన్సులేషన్ అంటే ఇంట్లోని వేడి పైకి పోకుండా అక్కడ పరిచే పొర. నిజానికి ఈ పోటీలో మూడోది కూడా ఉండాలి. దాని ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

చూరు వెంబడి ఇలా కట్టే గడ్డను ఐస్ డ్యామ్ అంటారు. అది కట్టాలంటే కప్పు పైభాగం వెచ్చగా, చూరు చల్లగా ఉండాలి. ఇంట్లోని వేడి అటిక్‌లోకి చేరి కప్పు చెక్కను వెచ్చబెడుతుంది. దాని మీది మంచు అడుగు నుంచి కరుగుతుంది. ఆ నీళ్లు మంచు కిందుగా జారి చూరు దాకా వస్తాయి. చూరు గోడ దాటి బయటికి ఉంటుంది, దాని కింద వేడి ఉండదు. అందుకే అక్కడికి రాగానే గడ్డ కడతాయి. ఆ గట్టు వెనక ఇంకా నీళ్లు నిలుస్తాయి. షింగిల్స్ పేర్చేది పైనుంచి కిందికి పారే నీళ్లను ఉద్దేశించి. నిలిచిన నీళ్లు వెనక్కి ఎక్కితే అవి ఆపలేవు. పైగా మంచు కూడా ఒక ఇన్సులేషనే. మందంగా పేరుకున్నకొద్దీ బయటి చలి కప్పును తాకడం తగ్గుతుంది. బయట సున్నాకు పది డిగ్రీలు కింద ఉన్నా, లోపలి వేడి లీకవుతున్న ఇంటి మీద మంచు అడుగున కరుగుతూనే ఉండొచ్చు.

హీట్ కేబుల్‌ను ఎందుకు ఇష్టపడతారో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. మనిషి వచ్చి చూరు మీద జిగ్‌జాగ్‌గా క్లిప్పులతో బిగించి వెళ్తాడు. ఇంట్లో ఏదీ కదిలించక్కర్లేదు, అటిక్‌లోకి పాకక్కర్లేదు. మొదటి మంచుకే దాని పని కళ్లారా చూడొచ్చు. కేబుల్ పోయిన దారిలో మంచు కరిగి నీళ్లు గట్టర్‌లోకి దిగుతుంటాయి. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి ఎప్పుడూ ఒకే వేడి ఇస్తుంది. రెండోది చలిని బట్టి తనే వేడి పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. కొనేటట్టయితే రెండోదే కొనండి. మొదటి రకం ఎక్కడైనా ఒకదాని మీద ఒకటి పడితే ఆ చోట అతిగా వేడెక్కి పాడవుతుంది.

అయితే కేబుల్ చేసేది దారి తీయడం వరకే. అది డ్యామ్‌ను మొత్తంగా రానివ్వకుండా చేయదు, డ్యామ్ మధ్యలో నీళ్లు పోవడానికి సందు చేస్తుంది. ఆ సందు నేల దాకా ఉండాలి. చూరు మీద మాత్రం వేసి గట్టర్‌లోనూ, అక్కడి నుంచి నేలకు దిగే గొట్టం డౌన్‌స్పౌట్‌లోనూ వేయకపోతే, కరిగిన నీళ్లు గొట్టంలో గడ్డ కట్టుకుని పైకి పేరుకుంటాయి. ఇక కరెంటు. జిగ్‌జాగ్ కాబట్టి చూరు పొడవుకు రెట్టింపు పైనే కేబుల్ పడుతుంది. 150 అడుగులు పట్టిందనుకుందాం. అడుగుకు 5 వాట్ల చొప్పున 750 వాట్లు. రోజంతా పనిచేస్తే 18 యూనిట్లు. మామూలు థర్మోస్టాట్ చలిని చూస్తుంది గానీ మంచు ఉందో లేదో చూడదు, కాబట్టి కప్పు పొడిగా ఉన్న రోజుల్లో కూడా ఇది కాలుతూనే ఉంటుంది. అటు ఇంట్లోని వేడి కప్పులోంచి పోతోంది, ఇటు ఆ పోయిన వేడి చేసిన పాడును సరిదిద్దడానికి ఇంకో వేడి కొంటున్నాం. నాకు మింగుడుపడనిది ఇదే.

ఇన్సులేషన్ సంగతికి వద్దాం. ఇన్సులేషన్ వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకెను ఆర్ విలువ అంటారు. బాగా చలి ఉండే చోట్లకు అటిక్‌లో ఆర్-49 నుంచి ఆర్-60 దాకా ఉండాలని చెబుతారు. గొట్టంతో ఊది వేసే సెల్యులోజ్ (కాగితపు పీచు) అయితే అంగుళానికి దాదాపు 3.5 లెక్కన 14 నుంచి 17 అంగుళాల మందం. పాత ఇళ్లలో చాలావాటికి ఇందులో సగం కూడా ఉండదు. దీనికి నెలనెలా కరెంటు ఖర్చు లేదు, కప్పు ఎక్కి చూసుకోవాల్సిన పని లేదు, ఎండాకాలం కూడా పనికొస్తుంది. కాగితం మీద చూస్తే ఇదే గెలిచినట్టు కనిపిస్తుంది.

కానీ ఇన్సులేషన్ పెంచాక కూడా చూరుకు ఐస్ కట్టిన ఇళ్లు ఉన్నాయి. వాళ్లు "డబ్బు దండగైంది, కేబులే నయం" అంటారు. తప్పు ఇన్సులేషన్‌ది కాదు, దాని కింద మూయకుండా వదిలేసిన రంధ్రాలది. నేను చెప్పిన మూడోది ఇదే: సీలింగ్‌లో అటిక్‌లోకి తెరుచుకున్న సందులన్నీ ముందు మూసేయడం. నా లెక్కలో మొత్తం వ్యవహారాన్ని తేల్చేది ఇదొక్కటే.

ఫైబర్‌గ్లాస్, సెల్యులోజ్ లాంటివి వేడి మెల్లగా పాకడాన్ని ఆపుతాయి గానీ గాలి పారడాన్ని సరిగా ఆపలేవు. ఈదురుగాలిలో ఉన్ని స్వెట్టర్ వేసుకుని నిలబడితే చలి ఎలా దూరుతుందో ఇదీ అంతే. చలికాలంలో ఇంట్లో వెచ్చటి గాలి పైకి లేచి, పై అంతస్తు సీలింగ్‌ను లోపలి నుంచి నెడుతూ ఉంటుంది. బాత్‌రూమ్ ఫ్యాన్ చుట్టూ ఉన్న సందు, సీలింగ్‌లో పొదిగిన లైట్లు, వైర్ల కోసం చేసిన కన్నాలు, ప్లంబింగ్ గొట్టం పైకి పోయే చోటు, చిమ్నీ చుట్టూ వదిలిన ఖాళీ, అటిక్‌లోకి ఎక్కే తలుపు అంచులు, ఇలా ఏది దొరికితే దానిలోంచి పైకి పోతుంది. ఒక్కోటీ చిన్నదే. అన్నీ కలిపితే చలికాలమంతా ఒక కిటికీ తెరిచి పెట్టినట్టే.

ఆ గాలితో పాటు తేమ కూడా పోతుంది. స్నానాల ఆవిరి, వంట ఆవిరి అటిక్‌లోకి చేరి, చల్లటి కప్పు చెక్క అడుగున, పైనుంచి దిగిన మేకుల మొనల మీద తెల్లగా గడ్డ కడుతుంది. కాస్త ఎండ రాగానే కరిగి చుక్కలు పడతాయి. కప్పు కారుతోందనుకుని రూఫర్‌ని పిలుస్తారు, ఆయన షింగిల్స్ అంతా వెతికి ఏమీ దొరక్క సీలెంట్ పూసి వెళ్తాడు. రంధ్రాలు మూయకుండా ఇన్సులేషన్ మాత్రం పెంచితే ఈ బాధ ఇంకా ఎక్కువవుతుంది. అటిక్ మరింత చల్లబడుతుంది, తేమ గాలి మాత్రం ఎప్పటిలాగే వస్తుంది. పైగా పదిహేను అంగుళాల సెల్యులోజ్ కప్పేశాక ఆ రంధ్రాలు ఎక్కడున్నాయో వెతకడం ఎవరి వల్లా కాదు. అందుకే ముందు మూయడం, తర్వాత ఊదడం. వరస తిరగబడకూడదు.

మీ ఇంట్లో ఈ లీక్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఇదే మంచి కాలం. రాత్రి బాగా చల్లబడిన రోజు, ఎండ తగలకముందే బయటికొచ్చి కప్పు చూడండి. కప్పంతా సన్నటి మంచు పొర తెల్లగా ఉండి అక్కడక్కడా మరకల్లా పొర లేని చోట్లుంటే, కింద నుంచి వేడి పోతున్నది అక్కడే. వేడి పెట్టని గ్యారేజ్ ఇంటికి ఆనుకుని ఉంటే ఇంకా సులువు. గ్యారేజ్ మీద తెల్లగా, ఇంటి మీద నల్లగా ఉంటే వేరే పరీక్ష అక్కర్లేదు. అటిక్‌లోకి ఎక్కి పాత ఫైబర్‌గ్లాస్ పక్కకు తీసి చూసినా తెలుస్తుంది. ఎక్కడ నల్లటి దుమ్ము పట్టి ఉందో అక్కడ ఏళ్ల తరబడి గాలి పారిందని. దాని కిందే రంధ్రం ఉంటుంది.

చాలా సందులకు ఫోమ్ డబ్బా, సీలెంట్, తలుపు అంచుకు రబ్బరు పట్టీ సరిపోతాయి. అలా కాని చోట్లు కొన్ని ఉన్నాయి. చిమ్నీ చుట్టూ ఫోమ్ కొట్టకూడదు, అక్కడ లోహపు రేకు, మంటను తట్టుకునే సీలెంట్ వాడాలి. పొదిగిన లైట్లలో ఇన్సులేషన్ తగలొచ్చని రాసి ఉన్న రకాన్ని తప్ప మిగతావాటిని కప్పకూడదు. బాత్‌రూమ్ ఫ్యాన్ గొట్టం అటిక్‌లో వదిలేసి ఉంటే కప్పు బయటికో గోడ బయటికో తీయించాలి. ఇది వింటే చిన్న విషయంలా ఉంటుంది గానీ, చాలా ఇళ్లలో తేమకు మొదటి కారణం అదే. గులకరాళ్లలా మెరిసే పాత వర్మిక్యులైట్ ఇన్సులేషన్ కనిపిస్తే చేయి పెట్టకండి. అందులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, పరీక్ష చేయించాకే పని. హీటింగ్ డక్ట్‌లు (వెచ్చటి గాలిని గదులకు మోసే గొట్టాలు) అటిక్‌లోంచి పోతుంటే వాటి కీళ్లు కూడా చూడాలి. డక్ట్ కారుతుంటే అది అటిక్‌లో హీటర్ పెట్టుకున్నట్టే.

అలాగని కేబుల్ దండగ అనను. అటిక్ లేకుండా సీలింగ్ నేరుగా కప్పుకే అతికిన గదులున్న ఇళ్లలో లోపలి నుంచి చేయగలిగేది తక్కువ. రెండు వాలులు కలిసే లోయలో, ఎండ తగలని ఉత్తరపు వైపు, స్కైలైట్ కింద నీళ్లు ఎప్పుడూ ఇబ్బంది పెడతాయి. అక్కడ కేబుల్ వేయించుకోవాల్సిందే. మేమూ వేయించాం, ముందు వాకిలి మీద రెండు కప్పులు కలిసే ఒక్క మూలకు. మిగతా ఇంటికంతా రంధ్రాలు మూయించి పైన సెల్యులోజ్ ఊదించాం. వేయించేటట్టయితే కప్పు పొడిగా ఉన్నప్పుడే, గ్రౌండ్ ఫాల్ట్ రక్షణ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) ఉన్న సర్క్యూట్‌కే కలపమనండి. షింగిల్స్‌లోంచి మేకులు దిగగొట్టే మనిషైతే వద్దు.

వెంటిలేషన్ గురించి ఒక్క మాట. చూరు కింద నుంచి చల్లగాలి వచ్చి కప్పు కొన నుంచి పోయే దారి ఉండాలి. ఇన్సులేషన్ పెంచేటప్పుడు చూరు దగ్గర ఆ దారి మూసుకుపోకుండా బ్యాఫిల్స్ (ఇన్సులేషన్‌ను అడ్డుకుని గాలికి దారి ఉంచే పలకలు) పెట్టించాలి. అంతే. రంధ్రాలు వదిలేసి వెంట్లు పెంచితే, ముఖ్యంగా పైన మాత్రం పెంచితే, ఇంట్లోని వెచ్చటి గాలిని ఇంకా లాగి పారబోసినట్టవుతుంది. అటిక్‌కు కరెంటు ఫ్యాన్ పెడతామనేవాళ్లను పంపించేయండి.

మిగతావి: చూరు మీద షింగిల్స్ కింద అతికే వాటర్‌ప్రూఫ్ షీట్ మంచిదే, కానీ కప్పు మార్చేటప్పుడే పెట్టించగలరు. దాన్ని చూరు అంచు నుంచి గోడ లోపలి వైపుకు కనీసం 24 అంగుళాలు దాటేలా వేయాలి. అది డ్యామ్‌ను ఆపదు, నీళ్లు లోపలికి రాకుండా ఆపుతుంది. కప్పు మీది మంచును కిందికి లాగడానికి పొడుగు కర్ర ఉన్న రూఫ్ రేక్ ఒకటి కొని పెట్టుకుంటే నష్టం లేదు. నేల మీద నిలబడే లాగాలి, కరెంటు తీగలు చూసుకోవాలి. గట్టర్ గార్డులు ఆకుల కోసం, ఐస్‌కు వాటితో సంబంధం లేదు. కప్పు మీద రాతి ఉప్పు చల్లడం మాత్రం వద్దే వద్దు, లోహాన్ని తింటుంది, కింది మొక్కలను చంపుతుంది.

ఏది ఎంచుకున్నా చలి ముదిరేలోపే చేయాలి. సీలెంట్‌లు, షింగిల్స్ అడుగున ఉండే జిగురు పట్టీ దాదాపు 5 డిగ్రీల కిందికి పోతే సరిగా అంటుకోవు. ఆ చలిలో షింగిల్స్‌ను కదిలిస్తే విరుగుతాయి కూడా. కాబట్టి చిమ్నీ ఫ్లాషింగ్ (చిమ్నీ కప్పును కలిసే చోట నీళ్లు రాకుండా వేసే రేకు), వెంట్ గొట్టాల చుట్టూ పగిలిన రబ్బరు లాంటి కప్పు పైపనులు ముందు పెట్టుకోండి, అటిక్ లోపలి పని ఆ తర్వాత. ఎండాకాలం ఆ అటిక్‌లో పది నిమిషాలు ఉండలేం, ఇప్పుడైతే పూటంతా పని చేసుకోవచ్చు.

కాంట్రాక్టర్‌తో చేయించేటట్టయితే, ఇచ్చిన కొటేషన్‌లో రంధ్రాలు మూసే పని విడిగా రాసి ఉందో లేదో చూడండి. "ఇన్ని అంగుళాలు ఊదుతాం" అని మాత్రమే ఉంటే, ఊదే ముందు మూసిన చోట్ల ఫోటోలు ఇస్తారా అని అడగండి. తటపటాయిస్తే ఇంకొకరిని చూసుకోవచ్చు. ఇంట్లో గ్యాస్ ఫర్నేసో వాటర్ హీటరో ఉంటే, పని అయ్యాక దాని పొగ గొట్టంలోంచి సరిగ్గా బయటికి పోతోందో లేదో కూడా పరీక్ష చేయించండి. ఇల్లు బిగుతైనప్పుడు ఆ పొగ వెనక్కి రావడం అరుదే అయినా, వస్తే ప్రాణాల మీదికి తెస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీలు కూడా అదే రోజు మార్చేయండి.