ఉప్పునీటి సాల్మనా, ఏటి సాల్మనా: లంగారా, నాక్‌నెక్‌లలో ఏది మేలు?

పులస తిన్నవాళ్లకు ఒక లెక్క బాగా తెలుసు. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. గోదావరి ఎర్రనీటికి ఎదురీదాకే పులసై రుచి పట్టుకుంటుంది. సాల్మన్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. ఏట్లోకి మళ్లాక అది మేత మానేస్తుంది, ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ పైకి పోతుంది. ఒళ్లు ఎర్రబడేకొద్దీ కండ పాలిపోయి మెత్తబడుతుంది. కాబట్టి గాలం వేసి సాల్మన్ పట్టే యాత్రకని లాడ్జి గదుల ఫోటోలు చూసేముందు ఏ నీటి చేప కావాలో తేల్చుకోండి.

ఇక్కడ పోలుస్తున్నవి రెండు చోట్లు. ఒకటి కెనడాలోని హైదా గ్వాయి దీవులకు వాయవ్య మూలన, పసిఫిక్ అలలకు ఎదురుగా ఉన్న లంగారా దీవి. రెండోది అలాస్కాలో బ్రిస్టల్ బేలో కలిసే నాక్‌నెక్ నది. రెంటికీ బయటినుంచి రోడ్డు లేదు. లంగారాకు వాంకూవర్ నుంచి మాసెట్‌కో శాండ్‌స్పిట్‌కో విమానం, అక్కడినుంచి హెలికాప్టరో నీటిమీద దిగే చిన్న విమానమో. నాక్‌నెక్‌కు యాంకరేజ్ నుంచి కింగ్ సాల్మన్ ఊరికి గంట పైచిలుకు విమానం. మంచు పొగ కమ్మితే లంగారా హెలికాప్టర్లు లేవవు. తిరుగు టికెట్‌కు ఒక రోజు వదిలిపెట్టుకోవాలి.

లంగారాలో దొరికేది చినూక్ రకం సాల్మన్, దీన్నే కింగ్ అంటారు. 30 పౌండ్లకు చేరితే దాన్ని టైయీ అంటారు. కొలంబియా లాంటి దూరపు నదులకు పోయే గుంపులు దారిలో ఇక్కడ ఆగి హెర్రింగ్ అనే చిన్న చేపల్ని మేస్తాయి కాబట్టి కొవ్వు నిండుగా ఉంటుంది. దీనికి జూన్, జులై మంచివి. ఆగస్టు నుంచి కోహో అనే ఇంకో రకం సాల్మన్ ఎక్కువ.

వేట పద్ధతి మూచింగ్. పదిన్నర అడుగుల మెత్తని రాడ్, గేర్లు లేని రీల్, 6 ఔన్సుల సీసం, దాని కింద 6 అడుగుల లీడర్ (గాలాలు కట్టే చివరి దారం), రెండు గాలాలు. ఎర హెర్రింగ్. మొప్పల వెనక ఏటవాలుగా తల కోసి పేగులు లాగేస్తారు. ఆ కోత వాలే ఎరను నీళ్లలో తిప్పుతుంది. దింపేముందు పడవ పక్కన లాగి చూడండి: కింగ్‌కు నిదానంగా దొర్లాలి, కోహోకు గిరగిర తిరగాలి. తిరగకుండా ఈడ్చుకొస్తుంటే కోత చెడినట్టే, ఇంకోటి కోయండి. ఎర మెత్తబడకుండా ముందురోజే రాళ్ల ఉప్పు నీటిలో వేసి ఉంచాలి. లైన్‌ను రీల్ నుంచి చేత్తో లాగి వదులుతారు, ఒక్కో లాగు సుమారు 2 అడుగులు. తెల్లవారుజామున 15 నుంచి 20 లాగులు వదిలితే చాలు, పొద్దెక్కాక ఇంకా లోతుకు. పోటు తిరిగే వేళకు అటూ ఇటూ గంట విలువైనది, ఆ సమయంలో టిఫిన్‌కు లాడ్జికి వెళ్లొద్దు.

కొత్తవాళ్లు చేప పోగొట్టుకునేది రెండుచోట్ల. కింగ్ ఎర నోట కరుచుకుని పైకి వస్తుంది, లైన్ వదులవుతుంది. ‘పోయింది’ అనుకుని ఆగిపోతారు. ఆగకుండా బరువు తగిలేదాకా చుట్టాలి. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు (బార్బ్) ఉండకూడదని అక్కడి చట్టం, కాబట్టి లైన్ వదులైతే చేప జారుతుంది. రెండోది, చేప పరుగెత్తేటప్పుడు రీల్ పిడులు వెనక్కి తిరుగుతాయి. వాటిని పట్టుకోబోతే వేళ్లు చితుకుతాయి. అరచేతితో రీల్ అంచు ఒత్తి ఆపాలి.

నాక్‌నెక్‌లో దొరికేది సాకై రకం సాల్మన్. జూన్ ఆఖరు నుంచి జులై మధ్యదాకానే మంచి అదును; వారం తప్పితే లాడ్జి ఎంత బాగున్నా లాభం లేదు. 2022లో బ్రిస్టల్ బే మొత్తానికి సుమారు 7.9 కోట్ల సాకై వచ్చాయి. ఇవి ఒడ్డు వారనే మోకాలి లోతులో పోతాయి, కానీ మేయవు. అందుకే చాలామంది నోరు తెరుస్తూ మూస్తూ పోయే చేప నోటిగుండా లైన్ జారేట్టు వేస్తారు: కొంచెం ఎగువకు వేసి, సీసం అడుగున అప్పుడప్పుడు టిక్కుమని తగిలేలా వదిలి, చివర్న మెల్లగా ఎత్తాలి. సీసం ఎక్కువైతే రాళ్లలో ఇరుక్కుంటుంది, తక్కువైతే చేపల పైనుంచి పోతుంది. గాలం నోటికి కాక ఒంటికి తగిలితే వదిలేయాలి, అది నియమం. నడుంలోతుకు దిగడం అందరూ చేసే పొరపాటు. చేపలు మీ వెనకనుంచి పోతాయి.

ఎలుగు వస్తుంటే, చేప లైన్ మీద ఉన్నా సరే, లైన్ తెంపేయండి. మనిషి దగ్గర చేప దొరుకుతుందని ఎలుగు ఒకసారి నేర్చుకుంటే ఆ తర్వాత వచ్చేవాళ్లందరికీ ప్రమాదం.

సియాటిల్‌లో భారత పాస్‌పోర్టుతో హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు నాక్‌నెక్ దేశంలోపలి ప్రయాణమే, లంగారాకు కెనడా విజిటర్ వీసా కావాలి. వాంకూవర్ నుంచి అలాస్కాకు వెళ్లేవాళ్లకు అమెరికా వీసా. ఎన్ని చేపలు ఉంచుకోవచ్చో రెండుచోట్లా సీజన్ మధ్యలోనే మారుతుంది, బయల్దేరే వారం మళ్లీ చూసుకోండి.

పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు మా మాట నాక్‌నెక్. కాళ్లు నేలమీదే ఉంటాయి, చేపకోసం గంటలు ఎదురుచూడక్కర్లేదు. దగ్గర్లోని కట్మై నేషనల్ పార్కులో బ్రూక్స్ జలపాతం దగ్గర ఎలుగులు సాల్మన్ పట్టడం కూడా జులైలో చూడొచ్చు. లంగారాలో అల మీద రోజంతా చిన్న పడవ. కడుపు తిప్పే గుణం ఉన్నవాళ్లు మాత్ర ముందురోజు రాత్రే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక పనిచేయదు. అయినా జీవితంలో ఒక్క పెద్ద చేప, అదీ కొవ్వు దిగని చేప కావాలంటే లంగారాకు సాటి లేదు.

పట్టగానే మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, మంచుముక్కలు కలిపిన నీటిలో ముంచమనండి. ఇంటికొచ్చాక కింగ్‌ను పెనం మీద వేపుడుకు వాడండి. పులుసుకు సాకై నిలబడుతుంది, కానీ పులసలా గంటలకొద్దీ సన్నసెగ మీద పెడితే ఎండిపోయి విడిపోతుంది. పులుసు పూర్తిగా మరిగాక ముక్కలు వేసి, 6, 7 నిమిషాల్లో దింపేయాలి.