వైఫైనా, లాన్ కేబులా: ప్లాన్‌లో చెప్పిన స్పీడ్ దేనిలో వస్తుంది?

300 ఎంబీపీఎస్ (సెకనుకు 300 మెగాబిట్లు) ప్లాన్ తీసుకున్నా ఫోన్‌లో 80 కూడా దాటకపోతే కంపెనీ మీద కోపం రావడం సహజమే. కానీ చాలా ఇళ్లలో ఆ స్పీడ్ రౌటర్ దాకా సరిగ్గానే వస్తుంది, తగ్గేది ఆ తర్వాతే.

వైఫై సౌకర్యాన్ని కాదనలేం. అయితే ఒకే ఛానల్‌ని, అంటే ఒకే రేడియో తరంగాల దారిని, ఇంట్లోని ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ వంతులవారీగా వాడుకోవాలి. పక్కింటి రౌటర్ అదే ఛానల్‌లో ఉంటే దాని కోసమూ ఆగాలి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ గోడలు దాటి దూరం వెళ్తుంది గానీ స్పీడ్ తక్కువ, రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ జోరుగా ఉంటుంది, రెండు గోడలు అడ్డొస్తే నీరసపడుతుంది.

రౌటర్ నుంచి నేరుగా టీవీకో, కంప్యూటర్‌కో వెళ్లే లాన్ కేబుల్‌కి ఈ బాధలు లేవు. దానికున్న చిక్కు వేరు. కొన్ని పాత రౌటర్లలో కేబుల్ గుచ్చే పోర్ట్ 100 ఎంబీపీఎస్‌దే. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్ట్ ఉన్నా, కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో ఒకటి తెగితే లింక్ 100కి పడిపోవచ్చు. స్పీడ్ టెస్ట్ ఎప్పుడు చేసినా 94 దగ్గరే ఆగుతోందా? ముందు కేబుల్ మార్చి చూడండి.

ఏది వాడినా ఒక లెక్క గుర్తుండాలి. ప్లాన్ చెప్పేది మెగాబిట్లలో, డౌన్‌లోడ్ విండో సాధారణంగా చూపించేది మెగాబైట్లలో. ఎనిమిది మెగాబిట్లు ఒక మెగాబైట్ కాబట్టి 300 ప్లాన్‌కి సెకనుకు 37.5 మెగాబైట్లే గరిష్ఠం.

టీవీ, డెస్క్‌టాప్ లాంటి కదలని వాటికి నా ఓటు కేబుల్‌కే. ఫోన్‌కి 5 గిగాహెర్ట్జ్ చాలు. ఫిర్యాదు చేసేముందు మాత్రం కేబుల్ పెట్టి తెల్లవారుజామున ఒకసారి, రాత్రి 9కి ఒకసారి టెస్ట్ చేయండి. రాత్రి మాత్రమే పడిపోతుంటే, ఇంటి బయట లైన్‌ని ఎక్కువమంది పంచుకుంటూ ఉండవచ్చు. ఆ రెండు ఫలితాలూ ఫిర్యాదుకి జతచేయండి.