విజయవాడ ఎండలో, బోరు నీటితో: కారును చేత్తో కడిగి వ్యాక్స్ చేయడంపై దీర్ఘకాల సమీక్ష

కారు పెయింటుకు వ్యాక్స్ చేసే మేలు కన్నా, దుమ్ము మీద పొడిగుడ్డ పడకుండా చూసుకోవడం వల్ల కలిగే మేలే ఎక్కువ. కొన్నేళ్లుగా మొగల్రాజపురంలోని మా అపార్టుమెంటు సెల్లార్లో ముదురు నీలం రంగు హ్యాచ్‌బ్యాక్‌ను నేనే కడుగుతూ, నేనే వ్యాక్స్ పూస్తూ వచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది. అందువల్ల ఈ సమీక్షలో వ్యాక్స్ డబ్బా గురించి కన్నా, ఆ డబ్బా మూత తీయడానికి ముందు జరగవలసిన పని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ఇప్పటి కార్లలో రంగు పొర మీద క్లియర్‌కోట్ అనే పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. దాని మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పలుచన. రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక రేణువుల్లో చాలా భాగం క్వార్ట్జ్. మోహ్స్ కాఠిన్య స్కేలు మీద 7 వద్ద ఉండే ఆ పదార్థం గాజును సైతం గీయగలదు. పొద్దున్నే ఒకే గుడ్డతో సెల్లార్లోని కార్లన్నిటినీ వరసగా తుడుచుకుంటూ పోయే పద్ధతిలో, ఆ రేణువులు గుడ్డకు అంటుకుని ఒక కారు నుంచి మరో కారుకు ప్రయాణిస్తాయి. ఫలితంగా ఏర్పడే సాలెగూడు వంటి సన్నని గీతలు తెలుపు, వెండి రంగుల మీద కంటికి ఆనకపోయినా, నలుపు, ముదురు నీలం కార్ల మీద ఎండ పడగానే బయటపడతాయి. మా కారును తుడవవద్దని వాచ్‌మన్‌కు చెప్పడానికి కొంత మొహమాటం అడ్డొచ్చింది గానీ, దసరా మామూలులో తేడా ఉండదని తెలిశాక అతనికీ సంతోషమే కలిగింది.

కడగడానికి నేను వాడేవి రెండు బకెట్లు, మైక్రోఫైబర్ మిట్ (చేతికి తొడుక్కునే మెత్తని తొడుగు), కార్ల కోసం తయారైన న్యూట్రల్ (ఆమ్ల, క్షార గుణాలు లేని) షాంపూ. ఒక బకెట్లో షాంపూ నీరు, రెండోదానిలో మంచినీరు ఉంటాయి. ఒక్కో డోరు, ఒక్కో ప్యానెల్ పూర్తికాగానే మిట్‌ను మంచినీటిలో జాడించి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. పని ముగిశాక ఆ రెండో బకెట్ అడుగున పేరుకున్న ఇసుకను చూసినవారికి ఈ పద్ధతి ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. అయితే మిట్ తాకకముందే పైపుతో నీరు ధారగా కొట్టి దుమ్మును వీలైనంత దించేయడం అన్నిటికన్నా ముఖ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తగ్గిన తర్వాత సింగ్ నగర్ వైపు వెళ్లివచ్చిన కార్లకు పట్టిన ఒండ్రు వంటిదైతే, ఎండిన బురదను నీటితో బాగా నానబెట్టి జారిపోనివ్వాలే తప్ప రుద్దకూడదు. పైకప్పు నుంచి కిందికి వస్తూ, డోర్ల కింది అంచులను చివరకు ఉంచుకోవాలి. చక్రాలకు విడిగా వేరే గుడ్డ, వేరే బకెట్ ఉండాలి. గిన్నెలు తోమే సబ్బునీరు జిడ్డుతో పాటు వ్యాక్స్‌ను కూడా ఊడదీస్తుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

మన ఊరిలో దుమ్ము తర్వాత అంతటి శత్రువు బోరు నీరు. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీటిచుక్క ఆరిపోయాక తెల్లని వలయాలుగా మిగిలి, ఎండకు గట్టిపడి, అలాగే వదిలేస్తే క్లియర్‌కోట్‌ను తినడం మొదలుపెడతాయి. చాలామంది పొదుపుగా ఉంటుందని ఆర్వో యంత్రం వదిలేసే నీటిని పట్టి కారుకు వాడుతుంటారు. వడపోతలో మిగిలిన లవణాలన్నీ చిక్కబడి చేరేది ఆ నీటిలోనే కాబట్టి, చివరి కడుగుకు అంతకంటే పనికిరానిది మరొకటి లేదు. దానికి భిన్నంగా ఏసీ పైపు నుంచి కారే నీరు గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినది కనుక అందులో లవణాలు దాదాపు ఉండవు. వేసవిలో రాత్రంతా పట్టిన ఆ నీటిని చివరి కడుగుకు వాడడం మొదలుపెట్టాక మరకలు బాగా తగ్గాయి. ఆరబెట్టేటప్పుడు వెడల్పైన మైక్రోఫైబర్ టవల్‌ను పరిచి, నీటిని పీల్చుకోనిచ్చి ఎత్తేస్తే చాలు. సూర్యుడు పైకి రాకముందే ఇదంతా ముగించుకోవాలి. మే నెలలో ఏడు గంటలు దాటితే షాంపూ బానెట్ మీదే ఎండిపోతుంది.

ఇక వ్యాక్స్. నేను ఎక్కువగా వాడినది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనంతో తయారైన పేస్టు. ముదురు రంగుకు అది ఇచ్చే లోతు, నిగారింపు నిజంగా బాగుంటాయి. కార్నౌబా తనంతట తాను 82 డిగ్రీల సెల్సియస్ దాటితేనే కరుగుతుంది గానీ, డబ్బాలో దానితో పాటు నూనెలు, ద్రావకాలు, మెత్తని ఇతర మైనాలు కలిసి ఉంటాయి; వాటి వల్లనో, మన ఎండ వల్లనో, వేసవిలో దాని ప్రభావం నెలా రెండు నెలలకు మించి నిలవడం నేను చూడలేదు. మైనానికి బదులు పూసే కృత్రిమ రక్షణ పొర అయిన సింథటిక్ సీలెంట్ మెరుపులో కొద్దిగా చల్లగా, గాజులా కనిపించినా వానాకాలం మొత్తం నీటిని జార్చింది. అందుకే ఇప్పుడు జూన్‌కు ముందు సీలెంట్, సంక్రాంతి ముందు పేస్టు వ్యాక్స్ పూస్తున్నాను.

ఏది పూసినా పలుచగా, నీడలో, చల్లబడిన పెయింటు మీద పూయాలి. వేలితో గీసినప్పుడు పొర శుభ్రంగా లేచివస్తే అది ఆరినట్టు. అప్పుడు కొత్త మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయాలి. నల్ల ప్లాస్టిక్ అంచులకు తగిలితే తెల్లగా మరకపడి విసిగిస్తుంది కాబట్టి ముందే టేపు అంటించడం మేలు. పావురాల రెట్ట విషయంలో వ్యాక్స్ కొంత వ్యవధి మాత్రమే ఇస్తుంది. తడిగుడ్డ కాసేపు వేసి ఉంచి, మెత్తబడ్డాక ఎత్తేయడం ఎలాగూ తప్పదు.

పాలిష్, వ్యాక్స్ ఒకటే అనుకుని ప్రతి సర్వీసింగులోనూ మెషీన్ రబ్బింగ్ చేయించేవారిని ఆటోనగర్లో తరచుగా చూస్తుంటాను. వ్యాక్స్ గీతలను పోగొట్టదు, పైన పొరగా నిలుస్తుంది. కాంపౌండ్ పాలిష్ గీతలను పోగొట్టేది క్లియర్‌కోట్‌ను కొంత అరగదీసి మాత్రమే, ఆ అరిగినది తిరిగి రాదు. తెల్లకారు ఉండి, దాన్ని రోజంతా రోడ్డు మీదే నిలపవలసిన వారికి నేనైతే ఖరీదైన పేస్టు కొనమని చెప్పను. మంచి మిట్ ఒకటి, టవళ్లు రెండు, షాంపూ సీసా ఒకటి కొనుక్కుని, ఏడాదికి రెండుసార్లు సీలెంట్ పూసుకుంటే వారికి సరిపోతుంది.